తొంభయ్యో రోజు మూతరొట్టె

గాజువాక దాటాక, క్రేన్లు తయారుచేస్తామంటూ వచ్చిన ఒక కంపెనీ, క్రేన్లకన్నా ముందు గెస్ట్ హౌస్ కట్టింది. ఉక్కు ఫ్యాక్టరీకి అప్పటికి శంకుస్థాపన రాయి తప్ప ఇంకేమీ లేదు. ఆ రాయి చుట్టూ గడ్డి పెరుగుతుంటే, ఈ గెస్ట్ హౌస్‌కి మాత్రం పెద్దవాళ్లు వచ్చి, తిని, ఓ కునుకు తీసి, పనులు చురుగ్గా సాగుతున్నాయని రిపోర్టు రాసి వెళ్లేవారు. అంత ధైర్యంగా రాయాలంటే కడుపు నిండుగా ఉండాలి. ఆ కడుపులు నింపిన మనిషి పేరు దీవెనమ్మ.

ఆమె 1973లో అక్కడ వంటపనికి చేరింది. 1984 వచ్చినా ఇంకా చేరుతూనే ఉంది. ఎందుకంటే కంపెనీ నియమం అలాంటిది. తాత్కాలిక మనిషిని ఎనభై తొమ్మిది రోజులు పనిచేయించుకోవాలి, తొంభయ్యో రోజు తీసేయాలి, మర్నాడు మళ్లీ కొత్తగా చేర్చుకోవాలి. తొంభై రోజులు వరుసగా పనిచేస్తే ఆ మనిషి నన్ను పర్మనెంటు చెయ్యండని అడుగుతుందేమోనని భయం. అందుకని మూడు నెలలకోసారి హాజరు పుస్తకంలో దీవెనమ్మ పేరుకెదురుగా ఒక గడి ఖాళీగా ఉండేది. ఆ గడి లెక్కన ఆ రోజు ఆమె లేదు. వంటింట్లో మాత్రం ఉండేది. పుస్తకంలో వంటమనిషి లేనంత మాత్రాన ఆఫీసర్లకు ఆకలి ఆగుతుందా?

ఈ ఏర్పాటుకి మర్యాద తెచ్చినవాడు అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గురునాథరావు. తొంభయ్యో రోజు పొద్దున్నే వంటింటి తాళంచెవులు తాను స్వాధీనం చేసుకున్నట్టు ఒక రిజిస్టరులో సంతకం పెట్టేవాడు. సంతకం ఆరేలోపు తాళంచెవులు మళ్లీ తలుపు పక్క మేకుకే వేలాడేవి. "ఒక్క పూట సాయం చేసి పో దీవెనమ్మా, నీ ఇల్లులాంటిదే కదా" అనేవాడు. అది ఆమె ఇల్లులాంటిదన్న సంగతి ఆయనకు ఏడాదికి నాలుగుసార్లే గుర్తొచ్చేది.

దీవెనమ్మకు వంట అబ్బింది తల్లి జయమణి దగ్గర. జయమణి ఊళ్లో ఒక మిషన్ బంగళాలో ఎవరో విదేశీ మిస్సమ్మ దగ్గర వంటకత్తె. మిస్సమ్మకు దేవుడంటే ఎంత భక్తో, మిగిలిపోయిన కూరంటే అంత భక్తి. ఆదివారం విందు జరిగితే సోమవారం ఆ మిగిలిన మాంసం, దుంపలు, కూరలు అన్నీ ఒక లోతు పళ్లెంలో వేసి, మీద మైదాపిండి మూత వేసి కాల్పించేది. ఆవిడ దాన్ని 'పై' అంటే, జయమణి మూతరొట్టె అంది. మిస్సమ్మకు కారం పడదు, భోజనానికి వచ్చే ఉపదేశులకు కారం లేకపోతే ముద్ద దిగదు. అందుకని పళ్లెం మధ్యలో పిండితోనే గోడ కట్టి, మూత మీద ఇటు ఒక గీత, అటు రెండు గీతలు పెట్టడం జయమణి కనిపెట్టిన పద్ధతి. కోసేదాకా లోపల ఏ వైపు ఏముందో వండినవాళ్లకే తెలుసు. ఈ విద్యతో పాటు ఐదో తరగతి చదువు కూడా దీవెనమ్మకు ఆ మిషన్ నుంచే వచ్చింది. రెండోది ఆమెకుందని గురునాథరావు ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ఫ్రీజరు. మొదటి క్రేను బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు పోతూ పోతూ ఒక పెద్ద ఫ్రీజరు వదిలి వెళ్లారు. బీరువాను వెల్లకిలా పడుకోబెట్టినట్టు ఉండేది. దాన్ని అతిథుల కోసం వాడాలని ఆర్డరు. అతిథులు నెలకి నలుగురొచ్చేవారు, పుస్తకంలో నలభైమంది తినేవారు. రాని అతిథుల పేరు మీద వచ్చిన మాంసం ఎక్కడికి పోవాలి? ఫ్రీజరులోకి పోయేది.

స్టోర్సు ఆఫీసరు శుభాకర్ ప్రతి శనివారం ఒక మటన్ పొట్లం అందులో పెట్టి, మీద 'చర్చి విందు కొరకు' అని రాసేవాడు. ఆయన దీవెనమ్మ వెళ్లే చర్చికే పెద్ద. ఆ చర్చిలో విందు ఏడాదికి ఒక్కసారే. మిగతా యాభై ఒక్క పొట్లాలు ఎవరి కొరకో ప్రభువుకీ, శుభాకర్ గారి భార్యకీ తెలియాలి.

గురునాథరావుది ఇంకా కష్టమైన పరిస్థితి. ఆయనకు రక్తపోటు. భార్య గౌరీశ్వరి నీచు ముట్టనని ఆయన చేత ఒట్టు వేయించుకుంది. ఆయన కూడా మాంసం మానేశాక మనసెంత తేలికపడిందో కనిపించినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఫ్రీజరులో ఆయన పొట్లం మీద 'ఇంజక్షన్లు. ముట్టుకోరాదు' అని ఎర్ర సిరాతో ఉండేది. ఆ ఇంజక్షన్లను దీవెనమ్మ వారానికి రెండుసార్లు ఉల్లిపాయలేసి వేయించి, తలుపు దగ్గరగా వేసి, ఆయనకు పెట్టేది. రొయ్యలు మంచివే తెచ్చేవాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. గెస్ట్ హౌస్‌కి పర్మనెంటు వంటమనిషి పోస్టు మంజూరైంది. అభ్యర్థులకు వంట పరీక్ష పెట్టాలి. గురునాథరావు, శుభాకర్, హైదరాబాదు నుంచి వచ్చే దేవకుమార్ అనే పెద్దాఫీసరు, ఈ ముగ్గురూ తిని తేల్చాలి. యాభై దాటినవాళ్లు పనికిరారు. దీవెనమ్మకు నలభై తొమ్మిది నిండి ఆరు నెలలు. భర్త లేడు, ఉండే గది వానొస్తే కురుస్తుంది. ఈ పోస్టు వస్తే క్వార్టరు వస్తుంది, ముసలితనంలో పింఛను వస్తుంది. రాకపోతే ఆరు నెలల తర్వాత ఎప్పటికీ రాదు. ఆమె జీవితంలో ఇంతకన్నా పెద్ద విషయం ఇంకోటి లేదు. ఆ సంగతి ఆమె దాచుకోలేదు కూడా. చర్చిలో శుభాకర్ కనిపిస్తే ఎదురెళ్లి మరీ అడిగింది.

"అంతా ప్రభువు చేతిలో ఉంది దీవెనమ్మా. ప్రార్థన చేసుకో" అన్నాడు శుభాకర్.

"ప్రార్తన సేత్తాను బాబూ. మటను ఎవులిత్తారు?" అంది.

ఆ ప్రశ్నకు జవాబు పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం గురునాథరావు సంతకంతో వచ్చింది. 'అభ్యర్థి ఒక విదేశీ వంటకం చేయవలెను. పరీక్షదినమున అభ్యర్థి పనివారి జాబితాలో లేనందున స్టోర్సు నుంచి సరుకు ఇవ్వబడదు. వంటింట్లో అందుబాటులో ఉన్నదానితోనే చేయవలెను.'

పరీక్ష పెట్టిన రోజు తొంభయ్యో రోజు. క్యాలెండరులో ఇన్ని తేదీలుండగా గురునాథరావు వేలు సరిగ్గా దాని మీదే పడింది. ఎందుకు పడదు? గౌరీశ్వరి పుట్టింటి ఊరి మనిషి తవిటయ్య అనేవాడు కూడా ఈ పోస్టుకి పోటీలో ఉన్నాడు. అతను ఒకసారి ఎవరి పెళ్లిలోనో ఉప్మా కలిపాడు, అదీ అనుభవం. అతని పరీక్ష ముందురోజే అయింది. రెండు కోళ్లు, కిలో నెయ్యి, జీడిపప్పు స్టోర్సు నుంచి సగౌరవంగా వచ్చాయి. దేవకుమార్ ఆ కోడికూర ఒక ముద్ద తిని, రెండో ముద్దకి పెరుగు అడిగాడు.

తొంభయ్యో రోజు పొద్దున్న వంటింట్లో ఇద్దరే ఉన్నారు, దీవెనమ్మ, గిన్నెలు తోమే పోతమ్మ. పోతమ్మ కాగితం సంగతి విని నడుం మీద చేతులేసుకుంది.

"ఓలమ్మో! సరుకు ఇవ్వకండా వంట సేయమంతన్నారా? ఏటప్పా ఈ అన్నేయం? గాలి కలిపి వండుతావేటి?"

"ఒలే పోతమ్మా, కాయితం సరిగ్గా సదువు."

"నాకు సదువొత్తే ఈ గిన్నెలెందుకు తోముతానప్పా?"

"ఉన్నదాంతోనే సేయమన్నారే. ఉన్నదేటో సూద్దాం రా."

చూశారు. నిన్నటి ఉడికించిన బంగాళాదుంపలు ఎనిమిది. క్యాబేజీ, క్యారెట్టు వేపుడు అడుగున మిగిలింది. గిన్నెలో గడ్డకట్టిన ముద్దపప్పు. డబ్బాలో మైదా, వనస్పతి. తవిటయ్య వండిన కోళ్ల ఎముకలు ఒక గిన్నె నిండా. తర్వాత దీవెనమ్మ ఫ్రీజరు మూత ఎత్తింది. బఠాణీల సంచి, దాని కింద చర్చి విందు, ఆ కింద ఇంజక్షన్లు.

పోతమ్మకు చదువు రాకపోయినా ఆ పొట్లాలు ఎవరివో తెలుసు. "అప్పా, ఒద్దు. దొంగంతారు. పోలీసోళ్లకి అప్పసెప్తారు."

దీవెనమ్మకు కూడా భయమేసింది. పదకొండేళ్లలో ఆ ఇంట్లో ఒక ఉల్లిపాయ కూడా చీర కొంగున కట్టుకోని మనిషి. కాసేపు ఫ్రీజరు మూత పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత భయం పోయి కోపం వచ్చింది.

"నాను దాసుకుంతన్నానా, ఇంటికి పట్టుకెల్తన్నానా? ఆళ్లది ఆళ్లకే వండి పెడతన్నాను. తియ్యే!" అంది.

పొట్లాల మీది కాగితాలు చిరగకుండా జాగ్రత్తగా విప్పి, కిటికీలో ఆరబెట్టింది.

మైదాలో ఉప్పు వేసి, వనస్పతిని వేళ్ల కొసలతో రవ్వలా అయ్యేదాకా నలిపింది. ఫ్రీజరు గోడకి పట్టిన మంచుని చెంచాతో గీకి, ఆ చల్లటి నీళ్లతో పిండిని కలిపీ కలపనట్టు ముద్ద చేసి పక్కన పెట్టింది. ఎక్కువ పిసికితే మూత అట్టలా తయారవుతుందని జయమణి చేతి మీద కొట్టి నేర్పిన విషయం. కోడి ఎముకలను మరిగించి రసం తీసింది. తవిటయ్య చేతిలో పడ్డ ఆ కోళ్ల జన్మకి అలా ఓ ప్రయోజనం దక్కింది. మటన్‌ని సన్నగా తరిగి ఉల్లిపాయ, మిరియాలు వేసి ఉడికించి, ఆ రసంలో ముద్దపప్పు కలిపి చిక్కబరిచింది. మిస్సమ్మ అయితే దీనికి పాలు, వెన్న వాడేది. పప్పే బాగుంటుందని దీవెనమ్మ గట్టి నమ్మకం. రొయ్యల్ని విడిగా వేయించి బఠాణీలు కలిపింది. మిగిలిన దుంపలు, వేపుడు మూడో వైపుకి. పెద్ద పళ్లెంలో పిండి పరిచి, పిండితోనే గోడలు కట్టి, మూడు గదులు నింపి, మూత వేసి అంచులు నొక్కింది. మూత మీద మటన్‌కి ఒక గీత, రొయ్యలకి రెండు, కూరలకి మూడు. పోతమ్మ ఇంటికి పరుగెత్తి తన కోడి పెట్టిన గుడ్డు తెస్తే, దాని సొన పైన పూసింది.

గెస్ట్ హౌస్‌లో కరెంటు ఓవెన్ ఉంది. అందులో గురునాథరావు పాత ఫైళ్లు పెట్టుకున్నాడు. కాబట్టి పెద్ద డేగిసా అడుగున ఇసుక పోసి, పళ్లెం అందులో దింపి, డేగిసాకి మూత పెట్టి, దాని మీద నిప్పులు పరిచి కాల్చింది. గంటకల్లా ఆ వాసన ఆఫీసు గది దాకా వెళ్లింది. గురునాథరావుకు ఆ వాసన ఎక్కడో తెలిసినట్టే అనిపించిందట.

ముగ్గురూ బల్ల ముందు కూర్చున్నారు. శుభాకర్ తన స్టోర్సు పుస్తకం కూడా పట్టుకొచ్చాడు, ఈమెకు సరుకేమీ ఇవ్వలేదని పెద్దాఫీసరుకి రుజువు చూపించడానికి. దీవెనమ్మ బంగారు రంగులో పొంగిన మూతరొట్టె తెచ్చి మధ్యలో పెట్టింది. ముందు దేవకుమార్‌కి రెండు గీతల ముక్క కోసింది. శుభాకర్‌కి ఒక గీత ముక్క. గురునాథరావు దగ్గరికి వచ్చి ఆగింది.

"సారు మాంసం మానేసినారు గదండీ. తమరికి కూరల ముక్క" అని మూడు గీతల ముక్క వేసింది.

గురునాథరావు క్యాబేజీ నములుతూ పక్క కంచంలోకి చూశాడు. అందులో తన ఇంజక్షన్లు ఒక్కొక్కటీ బొటనవేలంత ఉన్నాయి. దేవకుమార్ వాటిని కళ్లు మూసుకుని తింటున్నాడు. గురునాథరావు భార్యకిచ్చిన ఒట్టు అంత కచ్చితంగా అమలైన రోజు అంతకుముందు లేదు. శుభాకర్ ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. సొంత మటన్ ఎవరికి తెలియదు?

దేవకుమార్ మటన్ వైపు నుంచి కూడా ఒక ముక్క అడిగి పుచ్చుకున్నాడు. తర్వాత ఇంకో ముక్క. చేయి కడుక్కుని స్టోర్సు పుస్తకం తిరగేశాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"శుభాకర్ గారూ, ఈ మటను, రొయ్యలు క్రితం గురువారం అతిథులు తినేసినట్టు రాశారు."

"అవును సార్. తినేశారు."

"గురువారం వాళ్లు తినేసింది ఇవాళ నా కంచంలోకి ఎలా వచ్చింది?"

శుభాకర్ పుస్తకం వెనక్కి లాక్కోబోయాడు. ఈలోగా గురునాథరావు మాట అందుకున్నాడు. "దొంగతనం సార్! స్టోర్సు సరుకు ఎప్పుడో కాజేసి దాచింది. అదీకాక ఇవాళ ఆవిడ అసలు డ్యూటీలోనే లేదు. హాజరు పుస్తకం చూడండి, గడి ఖాళీ. డ్యూటీలో లేని మనిషికి పెట్టిన పరీక్ష చెల్లదు. నేను ముందే చెబుదామనుకున్నాను."

ముందే చెప్పకుండా తినేదాకా ఆగడం ఆయన పెద్దమనిషితనం. దొంగ అన్న మాట దీవెనమ్మను ఇంతవరకు ఎవరూ అనలేదు. తలుపు వెనక నుంచి పోతమ్మ ఏడుపు వినబడుతోంది. దీవెనమ్మ కొంగుతో నుదురు తుడుచుకుని, లోపలికి వెళ్లి, తాళంచెవుల రిజిస్టరు, నిన్నటి కాగితం తెచ్చి దేవకుమార్ ముందు పెట్టింది.

"బాబుగారూ, ఇయ్యాల పుస్తకంలో నా పేరు నేదు. నిజమేనండి. వంటింటి తాళాలు గురునాథరావు గారు తీసుకున్నట్టు సంతకం ఉన్నాది, సూడండి. నాను నేని రోజున ఫ్రీజరు తీసినది ఎవులో ఆయనే సెప్పాలి. ఉన్నదాంతో సేయమని కాయితం రాసినదీ ఆయనే. ఫ్రీజరులో ఉన్నదేటో పొట్లాల కాయితాల మీద రాసున్నాది. రెండూ ఆరబెట్టి ఉంచాను. సేతిరాత ఎవులదో సార్లే గురుతు పట్టాలి. తెమ్మంతారా?"

ఎర్ర సిరా రాత గౌరీశ్వరి దాకా ప్రయాణం చేయడం గురునాథరావు కళ్లముందు కదిలినట్టుంది.

"అక్కర్లేదు, అక్కర్లేదు" అన్నాడు. "సార్, నేనే పొరబడ్డాను. ఆవిడ ఇవాళ డ్యూటీలోనే ఉంది. నేనే రమ్మన్నాను. ఆ సరుకు కూడా... మిగిలిపోయిందే. అతిథులు తక్కువ తిన్నారు."

"చాలా తక్కువ తిన్నారు" అన్నాడు శుభాకర్.

"డ్యూటీలో ఉంటే హాజరు వేయండి" అన్నాడు దేవకుమార్.

గురునాథరావు పెన్ను తీసి ఆ రోజు గడిలో 'పి' అక్షరం వేశాడు. తొంభయ్యో రోజున దీవెనమ్మ ఈ భూమ్మీద ఉన్నట్టు కంపెనీ ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆయన పుస్తకం మూయబోతే దేవకుమార్ చేయి అడ్డం పెట్టి, పాత పుస్తకాలు కూడా తెప్పించమన్నాడు. ఒక్కొక్క పేజీ వెనక్కి తిప్పాడు. మూడు నెలలకో ఖాళీ గడి. ఆ తేదీల్లోనే భోజనాల పుస్తకంలో ఎనిమిది ఇడ్లీలు, ఐదు భోజనాలు, ఆరు కాఫీలు.

"ఈ రోజుల్లో ఎవరు వండారు? తాళాలు మీ దగ్గరున్నాయిగా. మీరా?"

గురునాథరావుకు నీళ్లు కాచడం కూడా రాదు. "ఆవిడే" అన్నాడు చివరికి.

"అయితే అవీ వేయండి."

ఆ మధ్యాహ్నమంతా గురునాథరావు కుర్చీలో కూర్చుని పదకొండేళ్ల ఖాళీలు నింపాడు. దేవకుమార్ పక్కనే కూర్చుని పత్రిక చదువుకున్నాడు. పరీక్ష ఫలితం ఆయన ఎప్పుడో రాసేశాడు, వాళ్లావిడ కోసం మూతరొట్టె చేసే విధానం కూడా ఒక కాగితం మీద రాయించుకున్నాడు. దీవెనమ్మ టీ ఇచ్చి, గోడకానుకుని నిలబడి చూసింది. సాయంత్రానికి గురునాథరావు వేళ్లు విరుచుకుని, "నలభై మూడు. అయిపోయాయి" అన్నాడు.

"నలబై నాలుగండి. డెబ్బై తొమ్మిది జూలైలో ఒకటి ఒగ్గేసినారు."

"అన్నీ నీకు గుర్తుంటాయా?"

"అది గురుతేనండి. ఆ రోజు తెల్లారగట్ట మాయమ్మ పోనాదండి. సెప్దామని వత్తే, పెద్దోళ్లొత్తన్నారు, ఒక్క పూట సాయం సేసి పో అన్నారు తమరు. పదిమందికి వండి పెట్టీసి, మద్దేన్నం ఎల్లినాను. అప్పటికి పెట్టె మూసీసినారు. మాయమ్మ మొకం సూడ్నేదు నాను."

అంతవరకు రాని కన్నీళ్లు ఆమెకు అప్పుడొచ్చాయి. తుడుచుకోలేదు. దేవకుమార్ పత్రిక మడిచి పక్కన పెట్టాడు. గురునాథరావు ఆ పేజీ తీశాడు. 'పి' వేశాడు. ఆ ఒక్కటి కొంచెం వంకరగా పడింది.

రెండు నెలలకి పర్మనెంటు ఆర్డరు వచ్చింది. క్వార్టరుకి దరఖాస్తు పెట్టమన్నారు. ఫ్రీజరులో పొట్లాలు మాయమై, ఐసు మాత్రం మిగిలింది. గురునాథరావు రక్తపోటు తగ్గిందని గౌరీశ్వరి అందరికీ చెప్పుకుంది. ఆ పొట్లాల మీది రెండు కాగితాలూ దీవెనమ్మ బైబిల్లో భద్రంగా ఉన్నాయి.

ఆ తర్వాతి తొంభయ్యో రోజుకి దీవెనమ్మ వారం ముందుగానే సెలవుచీటీ రాసి గురునాథరావు బల్ల మీద పెట్టింది. పదకొండేళ్లలో ఆమె అడిగిన మొదటి సెలవు అది. కారణం అన్నచోట 'మా అమ్మ సమాధి చూడవలెను' అని రాసింది. గురునాథరావు తల ఎత్తకుండా సంతకం పెట్టాడు. ఆ రోజు గెస్ట్ హౌస్‌లో ఆఫీసర్లందరూ బన్నూ అరటిపండూ తిన్నారు.